మావ గొడ్డలి, నా మాట

మావ పోయాడని నేను ఫోన్ చేసి చెబితే మొదట ఎవరూ నమ్మలేదు.

తప్పు వాళ్ళది కాదు. తోర్వా బజారులో నా పంక్చర్ కొట్టు ముందు నుంచి వెళ్ళే స్కూటరువాళ్ళని "భాయ్, వెనక చక్రం తిరిగిపోతోంది!" అని కేకేసి ఆపించిన మనిషిని నేను. నీళ్ళ ట్యాంకరు వచ్చిందని చెప్పి ఒక వీధి వీధినంతా బకెట్లతో పరుగెత్తించినవాణ్ణి. అలాంటి నోటితో "మావ ఇక లేడు" అంటే అవతలివాడు ఏం చేస్తాడు? నవ్వాడు. మావతో లోకో షెడ్డులో పనిచేసిన ఒకాయన, "ఛల్, పొద్దున్నే మజాక్ ఏటిరా? ఆయనకే ఫోనియ్యి, ఆయనతోటే మాటాడతాను" అన్నాడు. ఫోను గుమ్మం వైపు తిప్పి పట్టుకున్నాను. లోపలి నుంచి అత్త ఏడుపు వినబడ్డాక ఆయన నమ్మాడు.

నా మాట మొదటిసారికే నమ్మే మనిషి ఈ ఊళ్ళో ఒక్కడే ఉండేవాడు. ఆ పొద్దున పోయింది ఆయనే.

మావ నాకు చుట్టం కాదు. లాల్‌ఖదాన్‌లో రైలు పట్టాల పక్కన మా గోడకీ వాళ్ళ గోడకీ మధ్య పిల్లి దూరేంత సందు, అంతే బంధుత్వం. మా తాతలూ వాళ్ళ తాతలూ విజయనగరం వైపు నుంచి ఈ హిందీ ఊరికి రైల్వే పనికి వచ్చినవాళ్ళు కాబట్టి పుట్టినప్పటి నుంచీ ఆయన నాకు మావ, వాళ్ళావిడ అత్త. షెడ్డులో సమ్మెట పట్టి రిటైరైన మనిషి. రిటైరయ్యాక కూడా చేతులకి డ్యూటీ కావాలి కదా, కట్టెలు కొట్టేవాడు. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద ఇత్తడి గుండిగ. చలికాలం ఆ గుండిగలో కాగిన నీళ్ళు తప్ప ఒంటి మీద పడనిచ్చేవాడు కాదు. కొడుకు గీజరు పెట్టిస్తే, "ఆ డబ్బా నీళ్ళు ఒంటికి అంటవురా, జారిపోతాయి" అని తేల్చేశాడు.

వినయం అనేది ఆయన దగ్గర వెతికినా దొరకదు. గోడ దగ్గర గొడ్డళ్ళని వరసగా నిలబెట్టి, వచ్చినవాడికల్లా పెళ్ళికూతుళ్ళని చూపించినట్టు చూపించేవాడు. పల్చటి అంచుది కొమ్మలు నరకడానికి. లావు అంచుది, బరువుది, దుంగలు చీల్చడానికి. ముడులున్న మొండి దుంగకి ఇనప చీల, దాన్ని దిగ్గొట్టే సమ్మెట. "సన్నం అంచు కోస్తాది, లావు అంచు ఇడదీస్తాది. కట్టెని కొయ్యకూడదురా, ఇడదియ్యాల" అనేవాడు. ఒకసారి నేను బజారు నుంచి నున్నగా మెరిసే రంగు వేసిన గొడ్డలి కామ, అదే పిడికర్ర, ఒకటి తెచ్చి ఇచ్చాను. గోరుతో రంగు గీకాడు. కింద కర్రలోని చార అడ్డంగా పోయింది. "రంగేసినాడంటే ఏదో దాసినాడనే. నీలాగే ఉన్నాదిది, పైకి నవ్వులు" అని నా చేతిలోనే పెట్టాడు. చార నిలువుగా, గొడ్డలి అంచు ఎటుందో అటే సాగే కామ దొరికేదాకా నన్ను మూడు సంతలు తిప్పాడు.

తర్వాత చక్కెర జబ్బు ఆయన కళ్ళని తినేసింది. వెలుగూ చీకటీ తెలిసేవి, మనిషి ఆకారం తెలిసేది, అంతకు మించి లేదు. కొడుకు గొడ్డళ్ళన్నీ పాత ఇనుము కొనే కబాడీవాడికి ఇచ్చేస్తానన్నాడు. ఆ రోజు ఇంట్లో జరిగిన గొడవ గోడకి ఇవతల నేను పూర్తిగా విన్నాను. (వినకుండా ఎలా ఉంటాను? చెవి గోడకే ఉంది.)

"కళ్ళు పోనాయి, ఒప్పుకున్నాను. సేతులు కూడా పోనాయని ఎవుడు సెప్పినాడు?" అన్నాడు మావ.

చివరికి కొడుకు ఒక షరతు మీద దిగొచ్చాడు. పక్కన ఒక మనిషి ఉండాలి, దుంగ నిలబెట్టి చెయ్యి తీశాక చెబితేనే దెబ్బ వెయ్యాలి. ఒక్క దెబ్బ అటూ ఇటూ అయినా బరువు గొడ్డలితో సహా అన్నీ కబాడీకి. మనిషి ఎవరు అంటే మావ నా పేరు చెప్పాడు.

అత్త నెత్తి కొట్టుకుంది. "ఆడా? ఓలమ్మా, ఆడి మాట మీద గొడ్డలెత్తుతావా? ఆడు టైమెంతని అడిగినా అబద్ధమాడతాడు!"

"అందుకే ఆడు. అబద్ధమాడితే పొయ్యేది ఆడి సెయ్యే. అంతకన్నా నిజం సెప్పీవోడు నాకెక్కడ దొరుకుతాడు?"

అలా నాకు ఆ డ్యూటీ పడింది. కొట్టు తెరిచే ముందు రోజూ వెళ్ళేవాణ్ణి. దుంగ నిలబెట్టి పట్టుకుంటే, మావ ముందు గొడ్డలి అంచుని దాని నెత్తి మీద ఆనించి, ఒక్కసారి నొక్కి సన్నటి గీత పెట్టేవాడు. ఆ గీత ఆయన చేతులకి గుర్తు. కాళ్ళు కదపకుండా ఎత్తితే మళ్ళీ అక్కడే దిగేది. ఎత్తే ముందు అడిగేవాడు, "తీసావా?" నేను చెయ్యి తీసి వెనక్కి జరిగి, "తీశాను, కొట్టు మావా" అనేవాణ్ణి. దెబ్బ పడేది.  అక్కడ మాత్రం నాకు వేళాకోళం రాలేదు. రమ్మన్నా రాలేదు.

ఆ పొద్దున చింత దుంగ. చింత చార మెలికలు తిరిగి ఉంటుంది, దెబ్బకి లొంగదు. పైగా అడుగు వంకర. కింద పుల్లలు దోపి, కట్టెలు కొట్టే మొద్దు మీద ఎలాగో నిలబెట్టాను. మావ గీత పెట్టాడు. నైట్ డ్యూటీ చేసి వస్తున్న కొడుకు అప్పుడే గేటు తీస్తున్నాడు.

"తీసావా?"

"తీశాను, కొట్టు మావా."

గొడ్డలి పైకి లేచింది. లేచిన ఆ క్షణంలోనే హారన్ వేసుకుంటూ పట్టాల మీద బొగ్గు గూడ్సు బండి వచ్చింది. మా వీధి పక్కన బొగ్గు బండి పోతుంటే గూట్లో గ్లాసులు కూడా నడుస్తాయి. నేల అదిరింది. దుంగ కింద పెట్టిన పుల్ల జారింది, దుంగ ఒరగడం మొదలుపెట్టింది.

నేను ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే పోయి పట్టుకుంది.

పట్టుకున్నాక తెలిసింది. "తీశాను" అన్న నా మాట ఇప్పుడు అబద్ధం. అరిచాను. బండి చప్పుడులో నా అరుపు నాకే వినబడలేదు. చెయ్యి తీస్తే దుంగ పడిపోతుంది, ఖాళీలోకి దిగిన గొడ్డలి మావ మోకాలి కింద ఆగుతుంది. తీయకపోతే నా వేళ్ళు. గేటు దగ్గర కొడుకు నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు, అదీ వినబడదు. పరుగెత్తుకొచ్చి సగంలో ఆగిపోయాడు. ఎత్తిన గొడ్డలి ఉన్న మనిషిని ముట్టుకుంటే దెబ్బ ఎటు దిగుతుందో ఎవరికి తెలుసు?

గొడ్డలి పైనే ఉంది. ఒక పెట్టె, వెనక ఇంకో పెట్టె, ఇంకో పెట్టె. మావ భుజాలు వణకడం మొదలైంది. మెడ నరాలు పైకి లేచాయి. చూపులేని కళ్ళు నా తల మీదుగా ఎటో చూస్తున్నాయి. నేను ఆ లావు అంచు వంకే చూస్తున్నాను. బండి ఎంత పొడుగో నాకు తెలియదు గానీ, నా వేళ్ళకి ఒక్కొక్కదానికీ విడివిడిగా దండం పెట్టుకునేంత పొడుగు.

గార్డు పెట్టె దాటింది. చప్పుడు పట్టాల వెంట పోయి, పోయి, ఆగింది.

గొడ్డలి గాల్లోనే ఉంచి మావ అన్నాడు, "మళ్ళీ సెప్పు."

"తియ్యలేదు మావా. సెయ్యి దాని మీదే ఉన్నాది."

మెల్లగా గొడ్డలిని వెనక్కి దించాడు. దించి, కింద చతికిలబడ్డాడు. ఊపిరి అందాక అన్నాడు, "బండికి ముందు సెప్పిన మాట బండికి ముందే సెల్లుతాది. ఎలిపోనాక మళ్ళీ సెప్పాల."

"అరిచాను మావా!"

"సప్పుడులో అరిస్తే అది మాట కాదురా. అదీ సప్పుడే."

కొడుకు వచ్చి గొడ్డలి తీసుకున్నాడు. "బస్, డాడీ. ఖతం."   మాటంటే మాటే, ఒప్పందంలో మావ కూడా ఉన్నాడు. "అంచు కిందికెట్టి పట్టుకో, కాలికి తగుల్తాది" అని మాత్రం అన్నాడు.

ఆదివారం కబాడీవాడు వస్తాడన్నారు. మావ గోడ వైపు తిరిగి కుర్చీలో కూర్చున్నాడు. గీజరు నీళ్ళు ముట్టలేదు, ఆ చలిలో చన్నీళ్ళే పోసుకున్నాడు. అత్త సందులోంచి నన్ను పిలిచి, "మాట లేదు, ముద్ద లేదు. ఏదో ఒకటి సెయ్యిరా, నీ ఎదవ బుర్ర ఎప్పుడు పనికొస్తాది?" అంది.

నా ఎదవ బుర్రలో ఉన్నవి టైర్లే. అరిగిపోయిన స్కూటరు టైరు ఒకటి తెచ్చి మొద్దు నెత్తిన పడుకోబెట్టి, చుట్టూ పెద్ద మేకులు కొట్టాను. దాని మధ్యలో వంకర చింత దుంగని నిలబెట్టి చుట్టూ చెక్కలు దోపి బిగించాను. కొడుకుని పిలిచి, "తన్ను" అన్నాను.

"ఇదేదో మజాకా?"

"తన్ను బాబూ, తెలుస్తుంది."

తన్నాడు. దుంగ కదల్లేదు. ఇంకా గట్టిగా తన్ని తన కాలు పట్టుకుని గెంతాడు. కుర్చీలోంచి మావ నవ్వు వినబడింది. గొడ్డలి పోయాక అదే మొదటి చప్పుడు ఆయన నుంచి.

గొడ్డలి తిరిగి ఇస్తూ కొడుకు నాతో అన్నాడు, "టైరు ఉంది, ఠీక్ హై. నువ్వూ ఉండాలి. మాటివ్వు."

"నా మాటా?"

"డాడీ నమ్ముతున్నారు కదా."

టైరు వచ్చాక నేను దుంగని పట్టుకోవలసిన పనే లేదు. అయినా మావ అడగడం మానలేదు. నేను జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డా "తీసావా?" అనేవాడు. "తీశాను, కొట్టు మావా" అనేవాణ్ణి. బండి వస్తే ఇద్దరం ఆగేవాళ్ళం. అది పోయాక మళ్ళీ అడిగేవాడు, మళ్ళీ చెప్పేవాణ్ణి. పగలంతా కొట్టు దగ్గర వందమందికి వంద కథలు చెప్పే నోటితో, పొద్దున్నే ఆ కాసేపు నిజం పలికించి పంపేవాడు. ఆ అలవాటు ఇంకెక్కడా నాకు అంటలేదు, అది వేరే సంగతి. అందుకు ఆయన్ని అనకండి.

తను పోయిన పొద్దున కూడా మావ పని మొదలుపెట్టాడట. అత్త చెప్పింది. టైరులో దుంగ నిలబెట్టి, తడుముకుని గొడ్డలి ఆనించి గీత పెట్టి, "ఆడొచ్చి సెప్తాడు" అని కుర్చీలో కూర్చున్నాడు. నేను రోజూ వెళ్ళే వేళకే వెళ్ళాను. అప్పటికే ఆయన తల పక్కకి వాలి ఉంది.

దినకార్యం అయిన మర్నాడు కొడుకు నన్ను పెరట్లోకి పిలిచి బరువు గొడ్డలి చేతికిచ్చాడు. "డాడీ నిలబెట్టిన ఆ ఒక్క దుంగా నువ్వు కొట్టెయ్యి. అమ్మ చూడలేకపోతోంది."

గొడ్డలి పట్టుకుని దుంగ ముందు నిలబడ్డాను. నెత్తి మీద గీత ఇంకా కొత్తగా, తెల్లగా ఉంది. అంతలో బొగ్గు బండి వచ్చింది. ఆగాను. ఆఖరి పెట్టె దాటింది, చప్పుడు దూరమైంది.  "తీసావా?" అని ఎవరైనా అడుగుతారేమోనని ఇంకాసేపు నిలబడ్డాను. తర్వాత అంచు కిందికి పెట్టి, గొడ్డలిని తీసుకెళ్ళి గోడకి ఆనించాను.