పెద్దబాపు తోటలో దొంగతనంగా పెట్టిన నీళ్లు

నిన్న పొద్దున హుజూర్‌నగర్ దగ్గర ఒక రైతు తోటలో ఉండగా ఫోన్ మోగింది. స్క్రీన్ మీద పెద్దబాపు పేరు.

"ఏంది పెద్దబాపూ, ఏ చెట్టుకు ఏమొచ్చింది?" అన్నాను నవ్వుతూ.

అవతల పెద్దమ్మ ఏడుపు.

ఆయన ఇక లేడంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

మా బాపుకు అన్న ఆయన. కట్టంగూర్ దగ్గర బత్తాయి తోట. ఈ రోజు నేను హార్టికల్చర్ ఆఫీసర్‌నై తోటల వెంట తిరుగుతున్నానంటే ఆయన పుణ్యమే.

నేను ఇంటర్‌లో ఉన్నప్పటి మాట. బత్తాయి బాగా పూయాలంటే చలికాలంలో కొన్నాళ్లు నీళ్లు ఆపేయాలి. ఆకులు వాడాక నీళ్లు పెడితే చెట్టు నిండా పూతే.

ఆ సంగతి నాకూ తెలుసు. కానీ వాడిన ఆకులు చూస్తే ప్రాణం ఒప్పలేదు.

పెద్దబాపు ఊళ్లోకి పోగానే మోటార్ వేసి, బావి పక్క రెండు సాళ్లకు దొంగతనంగా నీళ్లు పెట్టాను. ఒక్కసారి కాదు, నాలుగుసార్లు!

తోటంతా పూసింది. ఆ రెండు సాళ్లలో ఒట్టి ఆకులే.

వీపు విమానం మోత మోగుతుందనుకున్నాను. ఆయన నవ్వాడు.

"చెట్టు దూప తెలిసింది నీకు. నీళ్లు ఎప్పుడు తాపాలెనో గది నేర్చుకో బిడ్డా."

ఆ ఏడే బాపు నన్ను ఇంజనీరింగ్‌లో వేస్తానని పట్టుబట్టాడు.

"మేం ఎండల మాడింది చాలదా అన్నా? పిల్లయినా ఏసీల కూసోవాలె."

"కూసుంటదిరా. గాని పూత రాదు. నా రెండు సాళ్లు చూసినవ్ గదా!"

అక్కడితో ఆగలేదు. తోట వైపు ఎవరొచ్చినా పట్టుకుని "గీ కొలువుకు ఏం చదవాలె సారూ?" అని అడిగేవాడు. పశువుల డాక్టర్‌ను, సర్వేయర్‌ను, ఆఖరికి ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌ను కూడా. అన్నీ క్యాలెండర్ వెనక రాసి తెచ్చి నా ముందు పెట్టాడు. మా కాలేజీలో ఏ కెరీర్ గైడెన్స్ క్లాసులోనూ అన్ని దారులు చెప్పలేదు.

నేను తోటలే ఎంచుకున్నాను. కౌన్సెలింగ్‌కు బాపు రాలేదు. పెద్దబాపే వచ్చాడు, జేబులో రెండు బత్తాయిలు వేసుకుని.

నిన్న సాయంత్రం ఆయన్ను సాగనంపి తోటకు పోయాను. పోయిన వారమే నీళ్లు ఆపాడట. ఆకులు అప్పుడే వాడుతున్నాయి.

చెయ్యి మోటార్ స్విచ్ దాకా పోయింది. ఏడుపొచ్చింది.

వెయ్యలేదు పెద్దబాపూ. ఇంకా కొన్నాళ్లు ఆగాలి. ఆగుతాను.

టైమ్‌కు నీళ్లు నేనే పెడతాను. ఈసారి ఒక్క సాలు కూడా పూత తప్పదు.

ఎండలో తిరిగింది చాలు. ఇక నీడ పట్టున చల్లగా ఉండు, పెద్దబాపూ.