రెండు కార్బొరేటర్లూ ఒక అత్తగారూ

ఆ వీధిలో అందరూ ఆయన్ని రేసు బాబాయ్ అనేవారు. రేసంటే ఏం రేసు? ఆయనేమైనా పరుగెత్తాడా, ఎవర్నైనా ఓడించాడా? ఏమీ లేదు. ఇంటి ముందు షెడ్డులో రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారొకటి చక్రాలైనా లేకుండా నాలుగు దిమ్మల మీద కూర్చుని ఉండేది. ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే రేసు! ఎగతాళికి పెట్టిన పేరే అది. బాబాయ్ మాత్రం దాన్ని బిరుదులా పుచ్చుకున్నాడు. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే మెడ కాస్త పొడుగయ్యేది.

బాబాయ్ అచ్చాఫీసులో మిషను నడిపినవాడు. దినపత్రిక అచ్చువేసే పెద్ద మిషను. అది తిరుగుతుంటే పక్కవాడు కొంపలంటుకున్నాయని అరిచినా వినబడదు. అందుకని అక్కడ పనిచేసేవాళ్ళంతా ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకుంటారు. ఈ కారు ఆ పత్రిక యజమానిది. గోదాములో పాత కాగితపు కట్టల కింద ఎన్నేళ్ళుగానో నలుగుతోంది. దాన్ని తుక్కువాడికి ఇచ్చేస్తుంటే బాబాయ్ అడ్డంపడి కొనుక్కుని ఇంటికి లాక్కొచ్చాడు. కింది రేకు తుప్పుపట్టి జల్లెడైపోయింది. సీట్లలో ఎలుకలు తరతరాలుగా కాపురాలు చేసి వెళ్ళినట్టున్నాయి.

"ఇది కారా, ఎలుకల సత్రమా?" అంది పిన్ని. పిన్ని అంటే బాబాయ్ భార్య, ఒక స్కూలు ఆఫీసులో గుమాస్తా. రోజంతా పిల్లల తండ్రులతో అరిచి అరిచి ఇంటికొచ్చేది. వచ్చి ఒవెన్ తెరిస్తే లోపల రంగు ఆరబెట్టిన బ్రేకు డ్రమ్ము! గుడ్ల ట్రేలో గుడ్లకి బదులు బోల్టులు. బాత్రూమ్ టబ్బులో సైలెన్సరు స్నానం చేస్తుండేది. "నేను కట్టుకున్నది మిమ్మల్నా, గ్యారేజీనా?" అని ఆవిడ అడిగితే బాబాయ్ నవ్వేసి, నీళ్ళలో తడిపి రుద్దే గరుకు కాగితం పుచ్చుకుని మళ్ళీ డోరు రుద్దుకోవడానికి పోయేవాడు. అలా రుద్ది రుద్ది ఆయన వేలిముద్రలు కూడా అరిగిపోయాయని వీధిలో చెప్పుకునేవారు. వీధికేం పని!

ఇదిలా ఉండగా మామగారు పోయారు. ఒంటరిగా ఎందుకుంటావని పిన్ని వాళ్ళమ్మని తెచ్చి ఇంట్లో పెట్టుకుంది. షెడ్డుని ఆనుకున్న గది ఆవిడకిచ్చారు.

అత్తగారివి పాము చెవులు. మామూలు పాము కాదు, మహా పాము. పక్కింట్లో మొగుడూ పెళ్ళాలు గుసగుసలాడుకుంటే ఇక్కడ మంచం మీంచి తీర్పు చెప్పేది. పిన్ని ఫోన్లో మాట్లాడుతుంటే అవతలివాళ్ళు ఏమన్నారో కూడా అప్పజెప్పేది. నోట్లో నువ్వుగింజ నానదు. ఈవేళ ఆవిడ చెవిన పడింది రేపటికి వీధి చివరిదాకా పాకేది.

వచ్చిన వారానికే అల్లుడికీ అత్తగారికీ చెడింది. తప్పు బాబాయ్‌దే. కార్బొరేటర్లు నానబెట్టుకోవడానికి గిన్నె కావలసివచ్చి, కంటికి కనబడిన గిన్నె తీసి కిరోసిన్ పోశాడు. అది అత్తగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్న పాలగిన్నె. ఆవిడ గయ్యిమంది. బాబాయ్ క్షమించమనకుండా, "మీ గిన్నె కన్నా నా కార్బొరేటరే శుభ్రంగా ఉంది, వచ్చి చూసుకోండి!" అని ఎదురు తిరిగాడు. అంతే, ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏదైనా చెప్పాలంటే ఆవిడ గోడవైపు తిరిగి, "అమ్మాయ్, మీ ఆయన్ని ఆ సుత్తి కాసేపు ఆపమను" అనేది. బాబాయ్ పిన్ని మొహంలోకి చూస్తూ, "మీ అమ్మగారిని కాస్త చెవులు మూసుకోమను" అనేవాడు. పిన్ని ఇద్దరి మధ్యా పోస్టుమాన్ ఉద్యోగం చేసీ చేసీ విసిగిపోయేది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, బాబాయ్ పట్టినపట్టు విడవలేదు. రేకు అతికాడు, ఇంజను విప్పి మళ్ళీ బిగించాడు, ముదురాకుపచ్చ రంగు వేశాడు, చక్రాలు తొడిగాడు. ఒకనాడు ఇంజను స్టార్టయింది. వీధి వీధంతా వచ్చి చప్పట్లు కొట్టింది. ఇక మిగిలిందల్లా కార్బొరేటర్ల పొందిక.

ఆ కారుకి కార్బొరేటర్లు రెండు. అవి తోడికోడళ్ళ లాంటివి. ఒకటి ఎక్కువ గాలి పీలిస్తే రెండోది మూతి ముడుచుకుంటుంది, సంసారం దగ్గుతుంది. రెండూ సమానంగా పీల్చేలా స్క్రూలు తిప్పాలి. దానికి పాత పద్ధతి ఒకటుంది. సన్నటి రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ముందు ఈ కార్బొరేటరు మూతి దగ్గరా, తర్వాత ఆ కార్బొరేటరు మూతి దగ్గరా పెట్టి, లోపలికి పోయే గాలి బుసని వినాలి. రెండు బుసలూ ఒక్కలా ఉంటే పని అయినట్టే. గాలిని కొలిచే మీటరు కూడా ఉంది, వీధి చివర మెకానిక్ దగ్గర. కానీ బాబాయ్ ఊరుకున్నాడా? "మీటరా! చెవులు లేనివాడికి కావాలయ్యా మీటరు. ఈ చెవి చూడు, బంగారం!" అని నలుగురిలో ఆ మెకానిక్ పరువు తీశాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఊరికే అన్నారా?

మర్నాడు గొట్టం చెవిలో పెట్టుకుని వంగాడు. ఏమీ లేదు. గొట్టంలో చెత్త అడ్డం పడిందేమోనని ఊదాడు. గాలి బాగానే పోతోంది. కొత్త గొట్టం తెచ్చాడు. దాన్లోనూ ఏమీ లేదు. కుడిచెవి మార్చి ఎడమచెవిలో పెట్టుకున్నాడు. ఇంజను గుడగుడ ఒళ్ళంతా తెలుస్తోంది గానీ, సన్నటి బుస ఒక్కటీ లేదు. అలా వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. డోర్‌బెల్ మోగడం లేదని తను రెండుసార్లు విప్పి బాగుచేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున్నే పిచ్చుకలు రావడం మానేశాయేమిటని అడిగితే, పిన్ని తనవైపు వింతగా చూసిన సంగతీ గుర్తొచ్చింది. బెల్లూ మోగుతోంది, పిచ్చుకలూ వస్తున్నాయి. అచ్చు మిషను ఆయన చెవుల్ని నెమ్మదిగా నమిలేసింది.

మరి ఇంట్లోవాళ్ళకి తెలియలేదా అంటే, ఎలా తెలుస్తుంది? ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి టకటకా జవాబు చెప్పేస్తాడు. వెనక నుంచి పిలిస్తే పలకడు. అందుకు పిన్ని, "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే! ఏ మొగుడు విన్నాడు గనక, ఈయన వినడానికి!" అని సరిపెట్టుకుంది.

చెప్పుకుందామంటే నోరు రాదు. మీటరు అడుగుదామంటే మొహం చెల్లదు. బాబాయ్ తేలుకుట్టిన దొంగలా అయిపోయాడు. రోజూ గుడ్డిగా ఒక స్క్రూ తిప్పేవాడు, కారు ఖళ్ళుఖళ్ళున దగ్గి నల్లటి పొగ కక్కేది. ఎదురింటాయన వరండాలోంచి, "బాబాయ్, రేసుకి జలుబు చేసిందా?" అని అడిగేవాడు. చివరికి ఒక ఆదివారం కాఫీ తాగుతూ, "కారు అమ్మేద్దామనుకుంటున్నా" అన్నాడు.

పిన్ని చేతిలో కప్పు ఆగిపోయింది. "ఒంట్లో బాగానే ఉందా మీకు?"

"నువ్వే కదా, షెడ్డు ఖాళీ అయితే బాగుండునన్నావు!"

"నేను వంద అంటాను. అందులో ఇదొక్కటే వినబడిందా?"

ఎప్పట్నుంచో ఆ కారు మీద కన్నేసిన పళ్ళ డాక్టరొకాయన ఉన్నాడు. ఆయనకి కబురు వెళ్ళింది. శనివారం సాయంత్రం వస్తానన్నాడు. ఆ రాత్రి బాబాయ్‌కి కంటిమీద కునుకు లేదు. కారు పోతోందన్న ఏడుపు ఒకటి, ఎందుకు పోతోందో ఎవరికీ చెప్పుకోలేని ఏడుపు ఇంకొకటి.

శనివారం పొద్దున పిన్ని స్కూలుకి వెళ్ళింది. బాబాయ్ కొనేవాడి కోసం కారు తుడుస్తూ ఇంజను వేశాడు. అది దగ్గుతోంది. ఎవరో భుజం తట్టారు. తిరిగి చూస్తే అత్తగారు! పాలగిన్నె గొడవయ్యాక ఆవిడ ఆ షెడ్డు గడప తొక్కడం అదే మొదలు. శాలువా ఇంజను ఫ్యానులో పడకుండా వెనక్కి ముడేసుకుని, యుద్ధానికి వచ్చినట్టుగా వచ్చింది. గోడవైపు తిరగలేదు. సరిగ్గా ఆయన మొహంలోకి చూసి, పెదాలు బాగా కదిలిస్తూ అంది:

"ఎడమది బుసకొడుతోంది. కుడిది నసుగుతోంది. గోడవతల పడుకుని రోజూ వింటున్నా, నా ప్రాణం తీస్తున్నారు. ఆ గొట్టం ఇలా ఇవ్వండి."

బాబాయ్ గొట్టం ఇచ్చాడు. ఆవిడ ఒక చెవిలో గొట్టం, ఇంకో చెవిలో వేలు పెట్టుకుని వంగింది.

"తిప్పండి. అటు కాదు, ఇటు. ఆఁ... ఇంకొంచెం. అయ్యో, ఎక్కువైంది! పెళ్ళికూతురి జడ అల్లినట్టు మెల్లిగా తిప్పండి. మిషను నడిపారా, రోడ్డురోలరు నడిపారా?"

"మెల్లిగానే తిప్పుతున్నానండీ!"

"నాకు ఎదురు చెప్పకండి, స్క్రూకి చెప్పండి."

అలా ఒకళ్ళనొకళ్ళు విసుక్కుంటూ, ఈ మూతికీ ఆ మూతికీ గొట్టం మారుస్తూ, ఇద్దరూ ఇంజను మీదికి వంగి ఉండిపోయారు. కాసేపటికి అత్తగారు చెయ్యెత్తింది. గొట్టం తీసి, తల ఊపింది. బాబాయ్‌కి తెలిసేదెలా? అరచెయ్యి తీసుకెళ్ళి బానెట్ పక్క రేకు మీద ఆనించాడు. పొద్దున్నదాకా గతుకుల రోడ్డులా కొట్టుకున్న రేకు ఇప్పుడు చేతికింద సన్నగా, ఒకే తీరుగా వణుకుతోంది. ఆయనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత సంతోషం ఆయనకి కారు స్టార్టయిన రోజు కూడా కలగలేదు.

ఇంజను ఆపి అడిగాడు. "మీకు ఎప్పుడు తెలిసింది, అత్తయ్యగారూ?"

"కిందటేడు చలికాలంలో. మీ వెనక నిలబడి ఓ తిట్టు తిట్టాను. మీరు కిక్కురుమనలేదు. అంత మంచితనం మీకెక్కడిదని అనుమానం వచ్చింది. మర్నాడు ఇంకాస్త గట్టిగా తిట్టి చూశాను. అప్పుడు తేలిపోయింది."

"మరి ఆ తర్వాత?"

"తర్వాత రోజూ తిట్టాను. అలవాటైపోయింది, ఏం చెయ్యను!"

బాబాయ్‌కి నవ్వొచ్చింది. నవ్వుతూనే అడిగాడు. "వీధిలో ఈగ తుమ్మినా ఊరంతా చెబుతారు కదా. ఇది మీ అమ్మాయికైనా ఎందుకు చెప్పలేదు?"

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. "చెబితే దానికి మీ మీద జాలేస్తుంది. జాలి సంగతి నాకు తెలుసు. మీ మామగారు పోయాక అందరూ నాతో మెల్లిగా మాట్లాడ్డం మొదలెట్టారు, పసిపిల్లకి చెప్పినట్టు. నా కడుపున పుట్టింది కూడా. పాలగిన్నె గురించి మీరు నా మీద అరిచారు చూశారూ, మీరొక్కరే నన్ను మనిషి కింద లెక్కేశారు. జాలిపడ్డం కన్నా కోప్పడ్డం నయం, అల్లుడుగారూ. మీ పెళ్ళాం మీ మీద కోపంగా ఉంది, హాయిగా అలాగే ఉండనీ అనుకున్నా. కానీ కారు అమ్ముకునేదాకా తెచ్చుకుంటారని నేననుకోలేదు. ఇక మీరే చెప్పుకోండి."

సాయంత్రం పళ్ళ డాక్టరు వచ్చాడు. పిన్నీ వచ్చింది. బాబాయ్ ఇంజను వేశాడు. డాక్టరు మొహం వెలిగిపోయింది. "ఆహా, వీణలా ఉందండీ! ఈ రాత్రికే తీసుకెళ్ళిపోతాను" అంటూ తాళాల కోసం చెయ్యి చాచాడు.

బాబాయ్ తాళాలు తియ్యలేదు. పిన్నివైపు తిరిగాడు.

"నాకు చెవులు వినబడవు. కార్బొరేటర్లు సరిచెయ్యలేక అమ్మేద్దామనుకున్నా. షెడ్డు కోసం కాదు. ఇప్పుడు చేసింది నేను కాదు, మీ అమ్మ. నాకీ కారు అమ్మాలని లేదు."

పిన్నికి కళ్ళు నిండాయి. దగ్గరికొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని, "ఏమండీ..." అంది, మెల్లిగా, మెత్తగా. బాబాయ్ ఇన్నాళ్ళూ భయపడ్డది ఆ మెత్తదనానికే. ఆయనకి ఆ పిలుపు వినబడనేలేదు, పెదాల మీద కనబడిందంతే.

"ఏడుపు తర్వాత ఏడవచ్చు!" అత్తగారు చేతికర్ర నేలకేసి కొట్టింది. "ముందు ఇది అడుగు. ఇన్నాళ్ళూ నీకు అబద్ధం చెప్పాడా లేదా? నువ్వు వెనకనుంచి గొంతు చించుకుంటుంటే, పొగరుతో పలకనట్టు నటించాడా లేదా?"

పిన్ని కళ్ళనీళ్ళు అక్కడికక్కడే ఇంకిపోయాయి. పట్టుకున్న చెయ్యి విసిరికొట్టింది.

"అవునూ! డోర్‌బెల్ రెండుసార్లు విప్పారే, అప్పుడైనా చెప్పొచ్చుగా? నేను మీకేమవుతాను, పక్కింటావిడనా? స్క్రూలకి చెప్పుకుంటారా, నాకు చెప్పరా? మా అమ్మ కన్నా నేను కానిదాన్నయ్యానా?" గొంతు లేచింది. ఎదురింటాయన వరండాలోకి వచ్చాడు. మెకానిక్ కొట్లోంచి తల బయటపెట్టాడు.

పళ్ళ డాక్టరు తాళాల కోసం చాచిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, "మరి... కారు సంగతి?" అన్నాడు.

"ఇంట్లో గొడవ జరుగుతుంటే బేరాలేమిటి నాయనా? వెళ్ళిరా" అంది అత్తగారు.

పిన్ని ఆపలేదు. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టి, ఒవెన్లో బ్రేకు డ్రమ్ము మీదుగా, టబ్బులో సైలెన్సరు దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి, మరిచిపోయినవి ఏరుకుని తెచ్చింది. ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. బాబాయ్ ఆవిడ పెదాల వంక చూడ్డం మానేశాడు. చూడక్కర్లేకపోయింది, ఆ పాఠమంతా ఆయనకి ఏనాడో కంఠతా వచ్చేసింది. ఒక్క ముక్క పోకుండా అంతా వినబడుతోంది.