చీర చూడడానికి పైసలడిగిన డబ్బా

2008లో పత్తర్‌గట్టిలోని ఒక పట్టుచీరల దుకాణానికి వెబ్‌సైటు చేసిపెట్టాను. గుంటూరు నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డ నాకు పాతబస్తీలో అదే మొదటి పని. యజమాని రాజలింగం సేటుకు డెబ్బై దాటాయి. ఆ దుకాణంలో ఒక పట్టింపు ఉండేది. తెల్లదుప్పటి మీద వంద చీరలు పరిపించుకుని ఒక్కటీ కొనకుండా లేచినా, ఆ మనిషికి చాయ్ తాగించి నవ్వుతూ పంపాలి.

చీరల ఫొటోలు చూపడానికి ఒక ఉచిత ప్లగిన్ వాడాను. ప్లగిన్ అంటే సైటుకు తగిలించే చిన్న ప్రోగ్రాము. పేరుకే ఉచితం, మహాతల్లి! సైటు సర్దడానికి లోపలికి వెళ్లినప్పుడల్లా, డబ్బు కట్టి ‘ప్రో’ కొనుక్కోమని ఒక ఎర్రడబ్బా తెర మీదికి వచ్చేది. మూస్తే ఇంకొకటి. ఈగల్ని తోలినట్టు తోలుకుంటూ పని చేసేదాన్ని. ఈ నస నా ఒక్కదానికే కదా అనుకున్నాను. ఒకరోజు విసుగులో అప్‌డేట్ నొక్కేశాను. కొనేవాళ్లకు సైటు ఎలా కనిపిస్తోందో మాత్రం చూసుకోలేదు.

ఆ వారంలోనే, నేను దుకాణంలో ఉండగా కిషన్‌బాగ్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. వాళ్లింటి పెళ్లిచీరలన్నీ ఎప్పుడూ అక్కడివే. ఈసారి కూతురి పెళ్లికని ఆడవాళ్లు నెట్ సెంటర్‌లో సైటు తెరిచారట. ఏ చీర మీద నొక్కినా, పెద్దగా చూడాలంటే డబ్బు కట్టమని డబ్బా వచ్చిందట. ఆయన చెప్పులు కూడా విప్పలేదు.

“ఏంది సేటూ, చీర చూపెట్టనీకి గూడ పైసలడుగుతున్నరా? గట్లయితే మేము వేరే దుకాన్ల చూసుకుంటం.”

నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు నాదని, ఆ డబ్బా ప్లగిన్ కంపెనీదని గబగబా చెప్పబోయాను. సేటు చేత్తో ఆపి, లేచి ఆయనకు దండం పెట్టారు. నా మూలంగా, అంత పెద్దాయన. సిగ్గుతో చచ్చిపోయాను.

“తప్పయింది అన్నా. కూసోండ్రి, చీరలు చూడుండ్రి. కొనకున్నా ఫికర్ లేదు.”

ఆయన మొహమాటానికి కూర్చుని, చాయ్ తాగి, చీరలేవీ తీసుకోకుండానే వెళ్లిపోయాడు. సేటు గుమ్మందాకా వెళ్లి నవ్వుతూ సాగనంపారు.

మీరెందుకు దండం పెట్టారని అడిగితే, నా వైపు చూడకుండా చీరలు మడతపెడుతూ అన్నారు.

“డబ్బా ఎవరిదైతేంది బిడ్డా? సైటు పైన పేరు నాదే గద.”

ఆ ప్లగిన్ తీసేసి ఫొటోలన్నీ చేత్తో పెట్టాను. ఇప్పటికీ ఏ సైటుకు ఏది ఉచితంగా తగిలించినా, ముందు కొనేవాళ్లలా బయటి నుంచి తెరుస్తాను. పైన ఎవరి పేరుందో చదువుకుంటాను. ఆ తర్వాతే ఒక్కొక్కటీ నొక్కి చూస్తాను.