రేచెల్ చదివిన కోడి కథ

దయారాణి మంచి నర్సు, మంచి తల్లి. ముందే చెప్పేస్తున్నాను. తర్వాత సంగతి విని ఎవరైనా ఆమెను తిట్టుకుంటే నేను ఊరుకోను. తిట్టాలనిపిస్తే నన్ను తిట్టండి.

దుబాయ్‌లో, అల్ కుసైస్‌లో ఒకే ఫ్లాట్‌లో చెరో గదిలో ఉండేవాళ్లం. ఆమెది నరసాపురం. భర్త సామ్యేలుకి దూరాన కల్బా ఊళ్లో పని, సెలవు రోజునే వచ్చేవాడు. 2020లో దయారాణికి కరోనా వార్డులో డ్యూటీ పడింది. ఆస్పత్రివాళ్లు ఆ నర్సులందరినీ హోటల్లో పెట్టేశారు. ఐదేళ్ల రేచెల్‌ని నాకు అప్పగించి వెళ్లింది. అప్పటికే నా ఉద్యోగం ఊడింది, గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాను.

పిల్ల బెంగపెట్టుకుంది. ఇంట్లో ఒకే ఒక తెలుగు బొమ్మల పుస్తకం ఉండేది, కోడి కథ. నేను పేజీలు ఫొటో తీసి పంపితే, దయారాణి కథంతా చదివి వాయిస్ మెసేజ్ పెట్టింది. రేచెల్ దాన్ని రోజుకి పదిసార్లు వినేది. వారం తిరిగేసరికి పుస్తకం ఒళ్లో పెట్టుకుని, అక్షరాల కింద వేలు జరుపుతూ గడగడా చెప్పేసేది. తల్లి ఎక్కడ ఊపిరి పీల్చుకుందో తనూ అక్కడే ఆగేది.

అది కంఠతా వచ్చిందని నాకు తెలుసు. కానీ ఆ రోజు వీడియో కాల్లో, మాస్కు అచ్చులు పడిన మొహంతో దయారాణి ఏడుస్తోంది. ఏం చెప్పి ఓదార్చను?

"అక్కా, నీ కూతురు తెలుగు చదివేత్తంది!" అనేశాను.

ఆమె ఏడుపు ఆగిపోయింది.

రెండు నెలలకి ఇంటికొచ్చింది. అప్పటికే వార్డంతా చాటేసింది. అక్కడ సెలవు శుక్రవారమే, ఆ రోజు జూమ్‌లో ప్రార్థన అయ్యాక చర్చి సంఘంవాళ్లు పిల్లల చేత ఏదో ఒకటి చేయించేవారు. రేచెల్‌కి కొత్త గౌను తొడిగి ఫోను ముందు కూర్చోబెట్టింది. పిల్ల జంకు లేకుండా కథంతా చదివింది. అందరూ చప్పట్లు.

"మధ్యలోంచి ఓ పేజీ చదవమ్మా, విందాం," అంది ఓ పెద్దావిడ.

రేచెల్ మధ్య పేజీ తీసి, వేలు పెట్టి, కథ మొదటి వాక్యం చెప్పింది. "అది కాదమ్మా, అక్కడున్నది," అంది ఆవిడ. పిల్ల మళ్లీ అదే వాక్యం, ఇంకాస్త గట్టిగా చెప్పింది. తెర నిండా నవ్వులు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఇంట్లో ముందు నవ్వింది నేనే.

దయారాణి ఫోను కట్ చేసింది.

"దొంగ సదువులు నేర్సావా? అందరి ముందూ నా పరువు తీసేసావు కదే!"

"చదివాను మమ్మీ," అంది పిల్ల.

"సదవలేదు! నీకు సదవడం రాదు!"

తప్పు నాదని అప్పుడే చెప్పాల్సింది.

ఇప్పుడు రేచెల్‌కి తొమ్మిదేళ్లు. కళ్లు చూపించారు, చెవులు చూపించారు, ట్యూషన్లు మార్చారు. లోపమేమీ లేదన్నారు. అక్షరాలన్నీ వచ్చు. పైకి చదవమంటే మాత్రం ఒక్క మాట చదివి, ఎదుటివాళ్ల మొహంలోకి చూసి, "కరెక్టేనా?" అంటుంది. అవునన్నాకే రెండో మాట. తరగతి ఎప్పుడో ముందుకెళ్లిపోయింది.

పోయిన నెల రేచెల్ వాళ్ల టీచరు, ఫైజా అని, దయారాణిని పిలిచి పాత సంగతులన్నీ అడిగింది. దయారాణి ఇంటికొచ్చి వంటింట్లో కూలబడింది.

"పిల్లలు అలాగే మొదలెడతారంట శ్రీసుధా. విన్న కథ పేజీ మీద ఏలు పెట్టి చెప్తే, సదువుకి అదే మొదటి మెట్టంట. మెచ్చుకుని పక్కన కూర్చోవాలంట. నేనేమో దొంగన్నాను."

అప్పుడు చెప్పాను నా అబద్ధం, ఇన్నేళ్లకి. ఆమె నన్నొక్క మాటైనా అనలేదు. అన్నా బాగుండేది.

ఆ సాయంత్రమే రేచెల్‌ని పక్కన కూర్చోబెట్టుకుంది. "తప్పు నాదే నాన్నా. ఆ రోజు నువ్వు నిజంగానే సదివావు," అంటూ ఏడ్చింది.

రేచెల్ తల్లి చెయ్యి నిమిరింది, పెద్దదానిలా.

"ఏడవకు మమ్మీ. ఆ రోజు నాక్కూడా నిజంగా చదువుతున్నాననే అనిపించింది. ఇప్పుడు కూడా ఒక్కోసారి అలాగే అనిపిస్తది. అందుకే నన్ను నేను నమ్మను."