తోడుకోని పాలు

మొన్న పట్నంల రసాయనాల చదువు చదివే మా మనుమరాలు చిట్యాలకు వచ్చి, పొద్దున పోయించుకున్న పాలల్ల రెండు చుక్కలు తీసి, వెంట తెచ్చుకున్న మందేదో కలిపి, తలుపులు మూసి నీలం లైటు వేసేసరికి ఆ పాలు మిణుగురు లెక్క వెలిగినయి. పీనుగులను చెడిపోకుండ ఉంచే మందు పాలల్ల కలిస్తేనే అట్ల వెలుగుతదట, ఆ పాలు తొందరగ విరుగవట, తోడు గూడ కోవట. ఒంట్లెకు పోయిన మందును గూడ, ఒంట్లె కణాలు బతికుండంగనే, అట్లనే వెలిగించి చూస్తరట. దానికి సంబురం, నాకు మాత్రం పాత ముచ్చటొకటి యాదికొచ్చింది.

తెలంగాణ రాకముందు ఎన్నో ఏండ్ల కింద, గడ్డి దొరకక బర్లను అమ్ముకున్న ఏడు, రోడ్డు మీద డబ్బాలతోని వచ్చే మనిషి దగ్గర పాలు పోయించుకునేటోళ్లం. ఎండకాలం గూడ పొద్దూకేదాక విరుగకపోతే ఎంత చక్కని పాలో అని మా అత్త మురిసింది. అవే పాలు తోడేస్తే తెల్లారి గూడ నీళ్ల లెక్కనే ఉండేటియి. తోడేసేది మా యారాలు, మా మరిది పెండ్లాం, కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల, కడుపుతోని ఉన్నది. మన ఈడోళ్లకు చెప్పేదేమున్నది, పెరుగు తోడుకోకపోతే పాలను ఎవరనుమానించిన్రు, చేతినే గదా తప్పుపట్టేది.

"నీ చెయ్యి పాడుగాను, కుండ గూడ నిన్ను జూసి జడుసుకుంటాందే! పారబోస్తే ఊకోను, అంతా నువ్వే తాగు," అనేది అత్త.

"తాగుతలే అత్తా, నా కడుపులనన్న తోడుకుంటదేమో," అని నవ్వుకుంటనే చెంబెత్తేది ఆ పిల్ల.

కొన్నాళ్లకు కడుపుల మంటని ముడుచుకొని పండుకునుడు మొదలైంది. నల్లగొండ దవాఖానకు తోలుకపోతే కడుపు నిలువలేదన్నరు. పాలవల్లనేనని ఇయ్యాలటికీ నేను ఒట్టు పెట్టి చెప్పలేను. తల్లిగారింటికి పోయిన పిల్లను, చెయ్యి మంచిది కాదని మావోళ్లు మళ్ల తోలుకరాలేదు.

ఆమె తల్లిగారింటికి పోయినంక అత్తనే తోడేసింది. తెల్లారి మూత తీసి చూసి, నా మొకం దిక్కు చూడకుండ గిన్నెను పెరట్ల బోర్లించి, ఆ దినమంతా మెతుకు ముట్టలేదు. అయినా యారాలిని పిలువమని నోరు తెరువలేదు. మరిదికి అప్పటికే వేరే సంబంధం మాట నడుస్తాంది.

ఇప్పుడు పెరుగు ప్యాకెట్లల్ల వస్తాంది, ఏ కోడలి చెయ్యీ ఎవరూ చూడరు. పాలే మారలేదు. మనుమరాలు ఆటకు ఆ నీలం లైటు నా అరచేతి మీద వేస్తే ముడుతలు తప్ప ఏం కనబడలేదు. యారాలి చేతిల గూడ ఏం కనబడకపోవును, ఎవరన్న గిట్ల వెలుగు వేసి చూసి ఉంటే.