కంచె బయట కాలు

సెలూన్ నడిపే ఆ నాన్న మైదానం కంచె బయట నిలబడ్డాడంటే కుడికాలు ఒక్కచోట ఉండదు. లోపల కూతురు బంతిని తన్నినప్పుడల్లా ఇక్కడ ఆయన చెప్పు ఇనుప వలకు టపీమని తగులుతుంది. "ముందు ఈయన్ని టీంలోకి తీసుకోవాలి," అని పక్కవాళ్లు నవ్వుకున్నా ఆయనకు పట్టదు. దుకాణంలో మాత్రం అంత నిదానస్తుడు ఇంకొకడుండడు. కత్తెర పెట్టేముందు "ఇంత తీసేయమంటారా?" అని ఎవరినైనా రెండుసార్లు అడగాల్సిందే. తెగిన జుట్టు అతికించలేం కదా అంటాడు.

ఆ రోజు ఫుట్‌బాల్ క్లబ్బు ఎంపికలు ముగిశాక కోచ్ నేరుగా ఆయన దగ్గరికే వచ్చాడు. "మీ పాప సెలెక్టయింది. ఏడాది పొడుగునా ఆదివారాలు మాకే. ఇప్పుడే మాటివ్వాలి, లేదంటే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాం." సెలూన్‌కు గిరాకీ అంతా ఆదివారమే. అయినా ఆ ఒక్కరోజు దుకాణం మూసేద్దామని ఆయన ఎప్పుడో అనేసుకున్నాడు. "సరే" అన్న మాట నోటిదాకా వచ్చింది కూడా. అలవాటు అడ్డుపడింది.

"ఏమ్మా, చేరతావా?"

కోచ్ వెనకే వచ్చి నిలబడ్డ పిల్ల నీళ్ల సీసా ఎత్తింది. కోచ్ వాచీ చూసుకున్నాడు.

"ఎండలో ఆడొచ్చింది సార్, తాగనివ్వండి," అని, ఆయన రెండోసారి అడిగాడు. "చేరతావా తల్లీ?"

సీసాలో చుక్క మిగల్లేదు. అయినా పిల్ల దాన్ని నోటి దగ్గర్నుంచి దించలేదు. ఆట ముగిసినా కంచెను తన్నుతూనే ఉన్న ఆయన కాలు ఆగిపోయింది.

"ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేయండి సార్."

అప్పుడు దిగింది సీసా.