వెంట వచ్చిన ఉయ్యూరు

ఆమోసుకు బండి పని నేర్పింది ఆటోనగర్ మెకానిక్ షెడ్డులో బసవపున్నయ్య. "బండి రోగం ముందు ముక్కుకి చెబుద్దిరా. కంటికి కనపడేసరికి ఆలస్యమైపోద్ది" అనేవాడు ఆయన. ఆ మాట పట్టుకునే ఆమోసు ఎదిగాడు. క్లచ్ మాడినా, బ్రేకు పట్టేసినా బానెట్ ఎత్తకుండానే చెప్పేవాడు. తర్వాత సొంత కారు కొనుక్కుని పటమటలో కిరాయిలకు తిప్పడం మొదలుపెట్టాడు.

కరోనా వచ్చి తగ్గాక ఆ ముక్కు మళ్లీ పనిచేయలేదు. మల్లెపూలు, పెట్రోలు, చేపల పులుసు అన్నీ ఒకటే అయిపోయాయి. భార్య హెప్సిబాకు కూడా చెప్పలేదు. కంచం ముందుకు రాగానే గట్టిగా గాలి పీల్చి "ఘుమఘుమలాడతంది" అనేవాడు. వాసన తెలియని డ్రైవరని బయటపడితే తన బండి ఎవరెక్కుతారని భయం.

ఆ ఫిబ్రవరిలో రావమ్మ గారిని చల్లపల్లి తీసుకెళ్తున్నాడు. కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకుని, పటమటలో కూతురింట్లో ఉండి, సొంతింటికి బయల్దేరిందావిడ. ఎప్పుడు ఊరెళ్లినా ఆమోసు బండే కావాలంటుంది. నల్లకళ్లద్దాల మీద కొంగు కప్పుకుని వెనక సీట్లో కూర్చుంది.

కంకిపాడు ఇంకా దాటలేదు.

"ఉయ్యూరు వచ్చేశామా ఆమోసూ? పాకం వాసన వస్తంది."

చెరకు ఆడే రోజుల్లో ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ వాసన రోడ్డు మీదికి వస్తుంది. కానీ ఇంత దూరమా? ఆమోసుకు అనుమానం వచ్చింది. కాదందామంటే తన ముక్కు మీద తనకే నమ్మకం లేదు.

"గాలి ఇటుందండి అమ్మగారూ. నాకూ తగులుతంది."

"కాస్త ముదురుపాకంలా లేదూ?"

"ముదురేనండి."

ఉయ్యూరు వెనకబడింది. బండి పామర్రు కూడా దాటింది. కూచిపూడి వైపు తిరిగాక రావమ్మ నవ్వింది.

"ఏమయ్యా, ఉయ్యూరు మన బండెక్కిందా ఏంటి? దిగనంటంది!"

ఆమోసు చప్పున మీటర్ల వైపు చూశాడు. ఎదురుగా వేడి చూపించే ముల్లు ఎప్పుడూ ఉండే చోటు కంటే పైకి జరిగి ఉంది. రేడియేటర్లో ఉండే కూలెంటు ద్రవం కారి వేడి ఇంజను మీద పడితే తియ్యటి వాసన వస్తుందని బసవపున్నయ్య ఎన్నిసార్లు చెప్పాడో. చల్లపల్లి దగ్గర్లోనే ఉంది. నోరు మూసుకుని లాగించేయొచ్చు. మధ్యలో ఇంజను పట్టేస్తే మాత్రం బతుకుతెరువే పోతుంది.

కాలవగట్టు పక్కన బండి ఆపాడు.

"అమ్మగారూ, ఆ వాసన ఎక్కణ్ణించి వస్తందో కాస్త చూసి పెడతారా? నాకు వాసన తెలవదండి. కరోనా అయిన కాణ్ణించీ."

ఆవిడ సీట్లో ముందుకు వంగింది.

"మరి ఇందాక ముదురుపాకమన్నావు?"

"మీరన్నారని అన్నానండి."

రావమ్మ ఫక్కున నవ్వింది. "ఓరి నీ అఘాయిత్యం! నాకు కన్ను లేదు, నీకు ముక్కు లేదు. బాగానే కుదిరాం. పద, చెయ్యి పట్టుకో."

బానెట్ ఎత్తాడు. వేడి తగలకుండా దూరంగానే నిలబడి ఆవిడ ఇటూ అటూ పీల్చింది. "ఇదిగో, ఈ పక్కనయ్యా."

ఇంజను చల్లారేదాకా చెట్టు నీడన కూర్చున్నారు. తర్వాత ఆమోసు ఆ పక్కనున్న రబ్బరు గొట్టాన్ని తడిమాడు. క్లిప్పు కింద, చివర, సన్నగా చీలింది. చీలిన మేర కోసేసి, మిగతా గొట్టాన్ని లాగి తొడిగి, క్లిప్పు బిగించాడు. తాగడానికి తెచ్చుకున్న నీళ్లే రేడియేటర్లో పోశాడు. బండి స్టార్టు చేసి, ముల్లు వంక కాకుండా ఆవిడ మొహం వంక చూశాడు.

"ఇప్పుడెట్టా ఉందండి?"

"పాకం పోయింది. కాలవ వాసనొస్తంది. ఎక్కడో మినపచేను పీకుతున్నారు, పచ్చివాసన."

"ఇంకా?"

"ఎవరింట్లోనో చేపలు వేయిస్తున్నారు."

"ఇంకా ఏమొస్తందండి?"

రావమ్మ అతని వైపు తల తిప్పింది. అతను అడిగేది ఇంజను సంగతి కాదని ఆవిడకు అర్థమైంది. చల్లపల్లి వెళ్లేదాకా దారిలో తగిలిన వాసనలన్నీ చెబుతూనే ఉంది. దిగేటప్పుడు, "వచ్చే వారం చెకప్పుంది. నువ్వే రావాలి" అంది.

సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే హెప్సిబాతో అన్నాడు. "రేపట్నించి బండి తీసే ముందు కాస్త వాసన చూసి పెట్టవే. నాకు..."

"తెలుసులే. మాడిన పప్పు ఘుమఘుమలాడతందన్నావు చూడు, ఆ రోజే తెలిసింది."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెబుతావని చూశా."

ఆమె బయటికొచ్చి బానెట్ మీదికి వంగింది. తర్వాత అతని దగ్గరికొచ్చి భుజం దగ్గర పీల్చింది.

"బండికేం లేదు. నీ చొక్కాకే ఏదో పాకం వాసన అంటుకుంది. విప్పు, నానబెడతా."